సాల్మను రక్షకుడు బిల్లీ ఫ్రాంకు

వర్షకాలమున గోదావరికి ఎఱ్ఱనీరు రాగానే పులస చేప బంగాళాఖాతమును విడిచి, ప్రవాహమునకు ఎదురీదుచు నదిలోనికి వచ్చును. సముద్రమున పెరిగిన ఆ చేప గ్రుడ్లు పెట్టుటకై మంచినీటిని వెదకికొనుచు వచ్చునని గోదావరీతీరవాసులందఱు ఎఱుగుదురు. ఇట్లే ఉప్పునీట పెరిగి మంచినీటికి మరలివచ్చు చేపలు ఉత్తర అమెరికాఖండపు పడమటి తీరమునను కలవు. వానిని సాల్మను చేపలందురు. ఆ చేపల కొఱకును, అవి పుట్టి పెరుగు నదుల కొఱకును తన జీవితమును ధారపోసిన మహనీయుడు బిల్లీ ఫ్రాంకు. ఆయన గొప్ప పండితుడు కాడు, ధనవంతుడు కాడు, అధికారబలము కలవాడు కాడు. నదిపై వల వేసి బ్రతుకు ఒక చిన్న తెగలో పుట్టినవాడు. అయినను ఒక మహారాజ్యపు న్యాయస్థానములును, శాసనసభలును ఆయన మాటను ఆలకింపవలసి వచ్చెను.

సాల్మను జీవితము మిక్కిలి విచిత్రమైనది. చల్లని కొండయేఱులలో, గులకరాళ్లు పఱచుకొన్న చోట, తల్లిచేప తన తోకతో గుంట చేసి, అందు వేలకొలది గ్రుడ్లు పెట్టి, మరల గులకరాళ్లు కప్పును. గ్రుడ్లనుండి వెడలిన పిల్లలు కొంతకాలము మంచినీట పెరిగి, క్రమముగ దిగువకు సాగును. నది సముద్రమున కలియు మొగలో అవి నిలిచి, ఉప్పునీటికి అలవాటుపడి, పిమ్మట మహాసముద్రమున ప్రవేశించును. అచ్చట వేల మైళ్లు తిరిగి, కొన్ని యేండ్లకు పెద్దవైన పిదప వానికి పుట్టినిల్లు జ్ఞప్తికి వచ్చును. ఎన్ని నదులున్నను, తాను పుట్టిన ఏటి నీటి వాసనను బట్టి ఆ యేటినే గుర్తించి సాల్మను మరలివచ్చును. నదిలో ప్రవేశించినది మొదలు అది ఆహారము ముట్టదు. బండలపై ఎగిరి దుముకుచు, సుడులను దాటుచు, పుట్టినచోటికి చేరి గ్రుడ్లు పెట్టును. ఆ పని ముగిసిన కొలది దినములకే తల్లిచేపయు తండ్రిచేపయు మరణించును. వాని కళేబరములు ఎలుగుబంట్లకును, గ్రద్దలకును, ఏటిలోని పురుగులకును ఆహారమగును. మిగిలిన సారము గట్టుననున్న చెట్ల వేళ్లకు చేరును. ఆ పురుగులను తిని మఱుసటి తరపు చేపపిల్లలు పెరుగును. తల్లిదండ్రులు తమ దేహములనే బిడ్డలకు ఆస్తిగ విడిచి పోవుచున్నట్లు తోచును.

ఇట్టి జీవితము నిరాటంకముగ సాగవలెనన్న నీరు చల్లగ నుండవలెను. గట్టుననున్న చెట్లు నీడ నీయవలెను. ఏటి అడుగున గులకరాళ్లు బురదచే కప్పబడక శుభ్రముగ నుండవలెను. ఎగువకు పోవు త్రోవలో అడ్డులు ఉండరాదు. దిగువను నది మొగ చెడిపోకుండవలెను. వీనిలో ఏ యొక్కటి లోపించినను సాల్మను క్రమముగ నశించును. ఈ సంగతిని బిల్లీ ఫ్రాంకు బాల్యమునుండి ఎఱుగును. ఆయన కాలపు అధికారులలో పెక్కండ్రు దానిని గుర్తింపలేదు. ఆయన పోరాటమునకు మూలమిదియే.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో, పసిఫిక్ మహాసముద్రతీరమున, వాషింగ్టను అను రాష్ట్రము కలదు. అందు రేనియరు అను మంచుకొండ 14,410 అడుగుల యెత్తున నిలిచియున్నది. దాని మంచు కరగగా పుట్టి, సుమారు 80 మైళ్లు పాఱి, ప్యూజెట్ సౌండ్ అను సముద్రపాయలో కలియునది నిస్క్వాలీ నది. ఆ నది పేరే దాని గట్టున నివసించు తెగకును పేరు. తెల్లవారు ఆ ప్రాంతమునకు వచ్చుటకు ఎన్నో వందల యేండ్లకు పూర్వమునుండి నిస్క్వాలీలు సాల్మనును పట్టి తినుచు, పొగలో ఎండబెట్టి చలికాలమునకు దాచుకొనుచు జీవించిరి. ఆ ప్రాంతపు తెగలు ప్రతి సంవత్సరము నదిలోనికి వచ్చిన తొలిచేపను పూజ్యభావముతో పట్టి, ఊరివారందఱు పంచుకొని తిని, దాని యెముకలను మరల నదికి అర్పించెడివారు. చేప తమకు ఆహారమే కాదు, తమ బంధువని వారి విశ్వాసము.

1854వ సంవత్సరము డిసెంబరు 26వ తేదీన మెడిసిన్ క్రీక్ అను వాగు గట్టున నిస్క్వాలీలతోను, ఇరుగుపొరుగు తెగలతోను అమెరికా ప్రభుత్వము ఒక సంధి చేసికొనెను. ప్రభుత్వ పక్షమున ఐజాక్ స్టీవెన్సు అను గవర్నరు వచ్చెను. సంధి షరతులను తెగలవారికి వారి మాతృభాషలో గాక, కొన్ని వందల మాటలు మాత్రమే కల ఒక బేరపు భాషలో వివరించిరి. ఆ సంధిచే తెగలవారు 20 లక్షల ఎకరములకు పైబడిన భూమిని వదలుకొనిరి. అయినను ఒక్క హక్కును మాత్రము వదలుకొనలేదు. తాము అలవాటుగ చేపలు పట్టు తావులన్నిటను, ఇతర పౌరులతో పాటు తామును చేపలు పట్టుకొను హక్కు తమకుండవలెనని కోరిరి. ప్రభుత్వము సరేయని సంధిపత్రమున వ్రాసెను. భూమి పోయినను నది యుండునని, నదిలో చేప యుండునని వారి ధైర్యము.

ఆ ధైర్యము ఎక్కువకాలము నిలువలేదు. తమకు మిగిల్చిన భూమి నదికి దూరముగ, మెట్టపై నున్నదని నిస్క్వాలీల నాయకుడు లెషై ఎదిరించెను. యుద్ధము జరిగెను. యుద్ధానంతరము నది యొడ్డున కొంత భూమి తెగకు దక్కెను గాని, లెషైపై హత్యానేరము మోపి 1858వ సంవత్సరమున ఉరితీసిరి. అది న్యాయము కాదని ఒక ప్రత్యేక న్యాయసభ 2004వ సంవత్సరమున ప్రకటించెను. తరువాత 1917వ సంవత్సరమున సైనిక శిబిరము కొఱకు ఆ దక్కిన భూమిలో సుమారు మూడింట రెండు వంతులను మరల తీసికొనిరి. అట్లు భూమి కోల్పోయిన వారిలో విల్లీ ఫ్రాంకు ఒకడు. ఆయన వచ్చిన పైకముతో దిగువను నది యొడ్డుననే కొలది యెకరములు కొని, ఇల్లు కట్టుకొనెను. ఆ తావునకు ఫ్రాంకు రేవు అను పేరు వచ్చెను. ఆ విల్లీ ఫ్రాంకు కుమారుడే బిల్లీ.

బిల్లీ ఫ్రాంకు 1931వ సంవత్సరము మార్చి 9వ తేదీన జన్మించెను. తండ్రి నూఱేండ్లకు పైబడి జీవించిన వృద్ధుడు. పూర్వపు నది యెట్లుండెడిదో, ఏ మడుగులో ఏ కాలమున ఏ చేప నిలుచునో, తన పెద్దలు సంధిని గూర్చి యేమి చెప్పిరో తండ్రి నోట విని బిల్లీ పెరిగెను. దోనె నడుపుట, వల కట్టుట, చేపను కోసి శుభ్రపఱచుట అతనికి బడికి పోవకమునుపే అబ్బిన విద్యలు.

కాని ఆ విద్యయే నేరమైన కాలమది. నదులలో సాల్మను తగ్గుచున్నదనియు, దానికి ఆదిమజాతుల వలలే కారణమనియు రాష్ట్ర ప్రభుత్వము తలంచెను. నిజమునకు తెగలవారు పట్టు చేపలు బహు స్వల్పము. సముద్రముపై పెద్ద పెద్ద పడవలు చేపలను రాసులుగ పట్టుచుండెను. కొండలపై అడవులు నఱకుటచే వాగులలో బురద చేరుచుండెను. నదులకు అడ్డముగ ఆనకట్టలు లేచుచుండెను. ఈ కారణములను ఎదుర్కొనుట కష్టము. గట్టున వల వేయు పేదవానిని పట్టుకొనుట సులభము. అందుచే తెగలవారు వలలతో చేపలు పట్టరాదని నిషేధము లుండెను. సంధిపత్రము పెట్టెలో పడియుండెను.

1945వ సంవత్సరము డిసెంబరు మాసమున, చలి వణికించు ఒక రాత్రి, 14 ఏండ్ల బిల్లీ నదిలోని తన వలనుండి చేపలు తీసి, చీకటిలోనే కోసి శుభ్రపఱచుచుండెను. పగటివేళ వల తీసిన అధికారులు పట్టుకొందురని అతని భయము. హఠాత్తుగ టార్చిలైట్ల వెలుతురు అతనిపై పడెను. రాష్ట్రపు కావలి అధికారులు గట్టునుండి దుమికి వచ్చి, పెనగులాడుచున్న ఆ బాలుని పట్టి బంధించిరి. తాత ముత్తాతల నదిలో, తాను పుట్టిన యింటికి చేరువను, తన కుటుంబమునకు కావలసిన చేపను పట్టినందులకు అతడు నేరస్థుడయ్యెను. అది మొదలు ఆయన తన జీవితకాలమున 50 సార్లకు పైగా బంధింపబడెను. నడుమ 1952వ సంవత్సరమున నౌకాదళమునకు చెందిన మెరైను సైన్యమున చేరి దేశసేవయు చేసెను. సైన్యమునుండి మరలివచ్చిన పిదపను నది యొడ్డున అవే నిషేధములు, అవే నిర్బంధములు ఎదురయ్యెను. దేశము కొఱకు తుపాకి పట్టుటకు పనికివచ్చిన చేయి, తిండి కొఱకు వల పట్టుటకు పనికిరాదాయెను.

1960 తరువాత ఆ పోరాటము క్రొత్త రూపు దాల్చెను. బిల్లీయు, ఆయన బంధువులును, హ్యాంక్ ఆడమ్సు అను మేధావియు కలిసి ఒక ఆలోచన చేసిరి. రాత్రివేళ దాగి చేపలు పట్టుట మాని, పట్టపగలు, పత్రికలవారు చూచుచుండగా, అందఱి యెదుట వల వేయవలెనని నిశ్చయించిరి. మన దేశమున 1930వ సంవత్సరమున ఉప్పు సత్యాగ్రహులు బహిరంగముగ ఉప్పు చేసి చెఱకు పోయినట్లే, వారును బహిరంగముగ చేపను పట్టి చెఱకు పోయిరి. 1964వ సంవత్సరము మార్చిలో మార్లన్ బ్రాండో అను ప్రసిద్ధ చలనచిత్ర నటుడు వారికి తోడుగ వచ్చి, వల వేసి తానును నిర్బంధింపబడెను. దేశమంతట ఆ వార్త ప్రాకెను. అయితే ఆ పోరాటము అన్నివేళల శాంతముగ సాగలేదు. అధికారులు పడవలతో దోనెలను గ్రుద్దిరి. వలలను, దోనెలను పట్టుకొనిపోయిరి. స్త్రీలను సైతము ఈడ్చిరి. కోపము పట్టలేక తెగలవారును రాళ్లు విసరిన సందర్భములు కలవు. ఫ్రాంకు రేవులోని పిల్లలు తమ తల్లిదండ్రులను ఎప్పుడు తీసికొనిపోవుదురో యను భయముతో పెరిగిరి.

1970వ సంవత్సరము సెప్టెంబరు 9వ తేదీన పుయాలప్ నది యొడ్డున తెగలవారు వేసికొన్న శిబిరముపై పోలీసులు లాఠీలతోను, బాష్పవాయువుతోను దాడి చేసి, సుమారు 60 మందిని బంధించిరి. ఆ సమయమున కేంద్రప్రభుత్వ న్యాయవాది యొకడు అచ్చటనే యుండెను. బాష్పవాయువు ఆయన కన్నులను సైతము మండించెను. సంధి చేసినది కేంద్రప్రభుత్వము. దానిని కాలరాచుచున్నది రాష్ట్రప్రభుత్వము. ఇక ఉపేక్షింపరాదని తలంచి, కొలది దినములలోనే కేంద్రప్రభుత్వము తెగల పక్షమున వాషింగ్టను రాష్ట్రముపై వ్యాజ్యము వేసెను.

ఆ వ్యాజ్యమును విచారించినవాడు జార్జి బోల్టు అను న్యాయాధిపతి. ఆయన వృద్ధుడు, తానును సరదాకు చేపలు పట్టువాడు. మూడేండ్లకు పైగా సాగిన ఆ వ్యాజ్యమున పండితులు పాత పత్రములను పరిశీలించి చెప్పిరి. తెగల వృద్ధులు తమ పెద్దలనుండి విన్న మాటలను సాక్ష్యముగ నిచ్చిరి. బిల్లీ ఫ్రాంకును బోనెక్కి సాక్ష్యము పలికెను. “ఇతర పౌరులతో పాటు” అని సంధిలో వ్రాసిన మాటకు అర్థమేమి? ప్రశ్నయంతయు ఇదియే. సంధినాటి ప్రజలు ఆ మాటను ఏ యర్థమున వాడెడివారో తెలిసికొనుటకు బోల్టు ఆ కాలపు నిఘంటువును సైతము తెఱచి చూచెను. 1974వ సంవత్సరము ఫిబ్రవరి 12వ తేదీన ఆయన తీర్పు వెలువడెను. ఇరువురు సమానముగ పంచుకొనుటయే ఆ మాటకు అర్థము; కావున పట్టదగిన సాల్మనులో సగము వఱకు తెగలకు చెందును; అంతేకాక, చేపల పరిరక్షణను రాష్ట్రముతో పాటు తెగలును నిర్వహింపవలెను. ఇది ఆ తీర్పు సారాంశము. ఈ హక్కు ప్రభుత్వము తెగలకు దయతో ఇచ్చినది కాదు. సర్వము తమదైన నాడు తెగలవారు తమ కొఱకు నిలుపుకొన్నది. 120 ఏండ్ల పిదప పెట్టెలోని సంధిపత్రము మరల మాటాడెను.

తీర్పు విని తెల్ల జాలరులు ఆగ్రహించిరి. వారిలోను పడవలపై అప్పులు చేసి బ్రతుకు పేదలు కలరు. న్యాయాధిపతి దిష్టిబొమ్మను తగులబెట్టిరి. రాష్ట్రపు అధికారులు తీర్పును అమలు జరుపుటకు నిరాకరించిరి. తుదకు 1979వ సంవత్సరము జూలైలో దేశపు సర్వోన్నత న్యాయస్థానము ఆ తీర్పును ముఖ్యవిషయములన్నిటను సమర్థించెను. తెగలవారు గెలిచిరి.

సామాన్యుడైనచో ఇంతటితో తన పని ముగిసినదని తలంచెడివాడు. బిల్లీ ఫ్రాంకు అట్లు తలంపలేదు. నది యొడ్డున నిలిచి చూడగా ఏటేట చేపలు తగ్గుచునే యుండెను. సగము హక్కు చేతికి వచ్చినది నిజమే. కాని చేపలే లేకున్న ఆ సగమునకు విలువ యేమి? సున్నలో సగమును సున్నయే. న్యాయస్థానము వాటాను పంచగలదు గాని, నీటిని చల్లబఱుపలేదు. నఱికిన చెట్లను మొలిపింపలేదు. ఆ పని మనుష్యులు కలిసి చేయవలసినది. కలియవలసిన మనుష్యులెవరు? నిన్నటివఱకు తనను బంధించిన అధికారులు, అడవులు నఱకు కంపెనీలవారు, గట్టున పశువులను మేపు రైతులు, విద్యుత్తు కొఱకు ఆనకట్టలు కట్టినవారు. వారందఱిని ద్వేషించుటకు ఆయనకు కారణములు కలవు. కాని ద్వేషము వలన ఒక్క చేపయు పెరుగదని ఆయన గ్రహించెను.

తీర్పు వెలువడిన సంవత్సరముననే, చేపల పరిరక్షణ కొఱకు తెగలన్నియు కలిసి వాయవ్య ఆదిమజాతుల మత్స్య సంఘమును స్థాపించుకొనెను. అందు 20 తెగలు సభ్యత్వము కలిగియున్నవి. బిల్లీ ఫ్రాంకు 30 ఏండ్లకు పైగా ఆ సంఘమునకు అధ్యక్షుడుగ నుండెను. తాను విధానములు రచించువాడను గాననియు, చెఱకు పోవుటకు ఏర్పడినవాడననియు ఆయన తన పూర్వజీవితమును గూర్చి హాస్యముగ చెప్పుకొనెడివాడు. అట్టివాడు ఇప్పుడు శాస్త్రజ్ఞులను చేరదీసి, ఏ నదిలో ఎన్ని చేపలు వచ్చుచున్నవో లెక్కించుట, చేపపిల్లలకు గుర్తులు వేసి వాని ప్రయాణమును తెలిసికొనుట, పెంపక కేంద్రములను నడపుట మొదలగు పనులకు తోడ్పడెను. పొడవైన జడతో, నవ్వు మొగముతో సభలకు వచ్చి, ఎదురుపడిన ప్రతివానిని, ప్రతిపక్షివానిని సైతము, కౌగిలించుకొనెడివాడు. ఆ కౌగిలికి లొంగని శత్రువులు అరుదు.

ఆ స్నేహము ఫలించెను. 1987వ సంవత్సరమున కలప కంపెనీలును, తెగలును, రాష్ట్రమును, ప్రకృతి పరిరక్షణ సంఘములును కలిసి ఒక ఒడంబడిక చేసికొనిరి. వాగుల గట్టులపై చెట్లను నఱకక, నీడకై విడిచిపెట్టుట మొదలగు నియమము లందు చేరెను. న్యాయస్థానములలో ఏండ్ల తరబడి వాదించుకొనవలసిన సంగతి ఒక బల్ల చుట్టు కూర్చుండి పరిష్కరించుకొనిరి. నిస్క్వాలీ నదికిని ఇట్లే ఒక సమితి యేర్పడి, మంచుకొండ మొదలు సముద్రము వఱకు నదియంతటిని ఒక్కటిగ చూచి కాపాడు యత్నము సాగెను.

ఆయన కన్నులార చూచిన ఫలములలో గొప్పది నిస్క్వాలీ మొగ పునరుద్ధరణము. సుమారు 100 ఏండ్లకు పూర్వము ఒక భూస్వామి ఆ మొగలో కరకట్ట వేసి, ఉప్పునీటిని ఆపి, పచ్చికబయళ్లు చేసెను. పశువులకు మేత దొరకెను. చేపపిల్లలకు నిలువ నీడ లేకపోయెను. 1974వ సంవత్సరమున ఆ స్థలము వన్యప్రాణి సంరక్షణ స్థానమయ్యెను. తెగవారు తమ వంతు భూమిలో కట్టలను ముందుగ తొలగించి దారి చూపిరి. 2009వ సంవత్సరమున సంరక్షణ స్థానములోని పెద్ద కట్టను తొలగింపగా, 762 ఎకరములపై సముద్రపు పోటు మరల ప్రవహించెను. పాత కాలువలు తిరిగి తెఱచుకొనెను. చేపపిల్లలు మరల అచ్చటికి చేరి ఆహారము తినుచు పెరుగుట శాస్త్రజ్ఞులు కనుగొనిరి.

ఎల్వా అను మఱియొక నదిపై 1913, 1927 సంవత్సరములలో కట్టిన రెండు ఆనకట్టలు సాల్మనును ఎగువకు పోనీయకుండెను. ఆ నదీతీరపు తెగ ఏండ్ల తరబడి కోరగా, వానిని తొలగించు పని 2011వ సంవత్సరమున ఆరంభమయ్యెను. మొదటి ఆనకట్ట పోయిన కొలది కాలమునకే, మఱుసటి యేటనే, సాల్మను చేపలు ఆ తావును దాటి ఎగువకు ఈదిపోయెను. 100 ఏండ్ల పాటు మూసియున్న త్రోవను అవి మఱవలేదు.

అయినను ఆయన జీవితమును సంపూర్ణ విజయగాథ యని చెప్పరాదు. ప్యూజెట్ సౌండులోని చినూక్ అను పెద్ద సాల్మను 1999వ సంవత్సరమున ప్రమాదమునకు గురియైన జాతుల పట్టికలో చేర్పబడెను. ఆ పట్టికనుండి ఇంకను తొలగింపబడలేదు. చేపలు తగ్గిన యేట తెగలవారే స్వయముగ వలలు ఎత్తివేయుచుండిరి. దేని కొఱకు చెఱకు పోయిరో ఆ హక్కునే, చేప బ్రతుకుట కొఱకు, తాముగ తగ్గించుకొనిరి. దీనికన్న గొప్ప త్యాగము వేఱొకటి లేదు.

బిల్లీ ఫ్రాంకు 2014వ సంవత్సరము మే 5వ తేదీన, తన 83వ యేట, కన్నుమూసెను. ఎల్వా నదిపై రెండవ ఆనకట్ట చివరి భాగము కూలుటకు అప్పటికి కొలది మాసములే యున్నవి. వేలకొలది జనులు ఆయనకు తుది వీడ్కోలు చెప్పుటకు వచ్చిరి. వారిలో తెగలవారును, ఒకనాడు వారిని ఎదిరించిన వర్గములవారును కలరు. 2015వ సంవత్సరము నవంబరులో అధ్యక్షుడు బరాక్ ఒబామా దేశపు అత్యున్నత పౌరపురస్కారమైన స్వాతంత్ర్యపతకమును ఆయనకు మరణానంతరము ప్రసాదించెను. ఆ మఱుసటి నెలలోనే నిస్క్వాలీ మొగలోని సంరక్షణ స్థానమునకు ఆయన పేరు పెట్టు శాసనము వెలువడెను. బాలుడుగ ఏ నది గట్టున బంధింపబడెనో, ఆ నది మొగకే ఆయన పేరు నిలిచెను.

ఆయన నాటిన విత్తనము ఇంకను మొలకెత్తుచునే యున్నది. రోడ్ల క్రింద రాష్ట్రము కట్టిన ఇఱుకు తూములు చేపల త్రోవకు అడ్డగుచున్నవని తెగలు 2001వ సంవత్సరమున న్యాయస్థానమున మొఱపెట్టుకొనెను. చేపను పట్టు హక్కు ఇచ్చి, చేప వచ్చు త్రోవను మూయుట సంధికి విరుద్ధమని వారి వాదము. 2018వ సంవత్సరమున సర్వోన్నత న్యాయస్థానములో న్యాయమూర్తులు సరిసమానముగ చీలిపోగా, క్రింది న్యాయస్థానపు తీర్పు నిలిచి, తెగలకు జయము కలిగెను. ఆ తూములను సరిదిద్దు భారము రాష్ట్రముపై పడెను. ఆ దినము చూచుటకు బిల్లీ లేడు.

సాల్మను తాను పుట్టిన ఏటిని మఱవదు. ఎంత దూరము పోయినను, ఎన్ని అడ్డంకులున్నను దానికే మరలివచ్చి, తన దేహమును తరువాతి తరమున కిచ్చి పోవును. బిల్లీ ఫ్రాంకు జీవితమును అట్టిదే. హక్కును కోరువారు లోకమున పెక్కండ్రు కలరు. ఆ హక్కునకు మూలమైన నదిని, అడవిని, ప్రాణిని కాపాడు బాధ్యతను భుజమున వేసికొనువారు కొందఱే. హక్కును సాధించుటకు ఆయన పగవారిని ఎదిరించెను. చేపను కాపాడుటకు వారినే మిత్రులుగ చేసికొనెను. ఈ రెండింటిలో రెండవదియే కష్టతరమని ఆయన చరిత్ర మనకు తెలుపుచున్నది.

ప్రశ్నలు

1. సాల్మను చేప జీవితమునకు అవసరమైన పరిస్థితు లెవ్వి? అవి చెడుటకు కారణములను పాఠము నుండి తెలుపుడు.
2. మెడిసిన్ క్రీక్ సంధిలో తెగలవారు ఏమి వదలుకొనిరి? ఏమి నిలుపుకొనిరి?
3. రాత్రివేళ చేపలు పట్టుట మాని పట్టపగలు వల వేయవలెనని బిల్లీ మొదలగువారు ఏల నిశ్చయించిరి?
4. “సున్నలో సగమును సున్నయే” — ఈ మాటను సందర్భసహితముగ వివరింపుడు.
5. మీ యూరి చెఱువునకో, ఏటికో కలిగిన హాని యేమి? దానిని తొలగించుటకు ఎవరెవరు కలిసి పనిచేయవలెనో పది వాక్యములలో వ్రాయుడు.